తర్వాతి ఆట మీద ఒక అంచనా

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. వయసు పద్దెనిమిది. అంత చిన్న వయసులో వివాదం లేని ప్రపంచ పట్టం మరెవరికీ దక్కలేదు. చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు కాబట్టి మావాడంటే మావాడని ఇటు ఆంధ్ర, అటు తమిళనాడు సంబరపడ్డాయి. ఆ సందడిలో ఒక చిన్న సంగతి చాలామంది కంట పడలేదు. గెలిచిన ఆ పోటీ వల్లే గుకేశ్ రేటింగ్ ఆరు పాయింట్లు తగ్గింది. ప్రపంచ చదరంగ సమాఖ్య డిసెంబర్ జాబితాలో 2783 ఉన్నది జనవరికి 2777 అయింది. ఓడిపోయిన డింగ్ లిరెన్ రేటింగేమో పెరిగింది.

లెక్కలో పొరపాటేమీ లేదు. పోటీ మొదలయ్యేనాటికి డింగ్ రేటింగ్ 2728, అంటే గుకేశ్ కన్నా 55 తక్కువ. అంత తేడా ఉన్న ఇద్దరు ఆడితే పైవాడు ఆటకు సగటున 0.58 పాయింటు తెచ్చుకోవాలని సూత్రం చెబుతుంది. గెలుపుకి 1, డ్రాకి అర, ఓటమికి సున్నా. పద్నాలుగు ఆటలకు కలిపితే 8.1 అవుతుంది. గుకేశ్ తెచ్చుకున్నది 7.5. రావలసినదానికంటే 0.6 తక్కువ. ఆ స్థాయి ఆటగాళ్లకు దాన్ని పదితో హెచ్చిస్తారు. అదీ ఆ ఆరు పాయింట్ల కథ. పట్టానికి 7.5 చాలు, రేటింగ్‌కి చాలదు.

అదే డిసెంబర్ జాబితాలో గుకేశ్ కంటే పైన మరో తెలుగు పేరు ఉంది. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి, 2801. అధికారిక జాబితాలో 2800 దాటిన భారతీయుల్లో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత అతనే. ఇద్దరిలో ఎవరు గొప్ప అని మాదాపూర్ టీ కొట్టు దగ్గర వాదన పెట్టుకోవచ్చు గానీ, ఆ వాదన తెగదు. ఎందుకంటే అక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి. ఈ పోటీలో ఎవరు నెగ్గారన్నది ఒకటి. రేపు ఎవరు ఎవరితో కూర్చుంటే ఏమవుతుందన్నది రెండోది. మొదటిదానికి పాయింట్ల పట్టిక జవాబు చెబుతుంది. రెండోదానికి రేటింగ్. పట్టిక జరిగినదాని లెక్క, రేటింగ్ జరగబోయేదాని మీద అంచనా. నా ఉద్దేశంలో రేటింగుల మీద జరిగే గొడవల్లో ముప్పాతిక ఈ రెంటినీ కలిపేయడం వల్లే పుడతాయి.

ఈ అంచనా పద్ధతి అర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడిది. 1903లో హంగరీలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరి, మిల్వాకీలోని మార్కెట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. చదరంగం బాగా ఆడేవాడు. 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో ప్రపంచ సమాఖ్య ఫిడే అతని పద్ధతిని తీసుకున్నాయి. ఆలోచన మాత్రం అంతకంటే పాతది. జెర్మెలో అనే జర్మన్ గణితవేత్త 1929లోనే చదరంగ పోటీల ఫలితాల నుంచి ఆటగాళ్ల బలాన్ని రాబట్టే దారి చూపాడు. 1952లో బ్రాడ్లీ, టెర్రీ అనే ఇద్దరు గణాంకవేత్తలు అదే దారిని మళ్లీ విడిగా కనిపెట్టారు. ఎలో గొప్పతనం దాన్ని కాగితం, పెన్సిలు ఉన్న పోటీ నిర్వాహకుడెవరైనా చేయగల లెక్కగా మార్చడం.

ఆ లెక్క ఇంతే. ఇద్దరి రేటింగుల తేడా చూస్తాం. తేడా సున్నా అయితే చెరి సగం ఆశించాలి. 100 అయితే పైవాడికి 0.64. 200 అయితే 0.76. 400 అయితే 0.91, అంటే పైవాడు పది గెలిస్తే కిందివాడు ఒకటి. ఆట అయ్యాక వచ్చినదాంట్లోంచి ఆశించినది తీసేస్తాం. మిగిలినదాన్ని ఒక గుణకంతో హెచ్చించి పాత రేటింగ్‌కి కలుపుతాం. ఆటగాళ్లు ఆ గుణకాన్ని కె-ఫాక్టర్ అంటారు. ఫిడే లెక్కలో కొత్తవాళ్లకు అది 40, సాధారణంగా 20, ఒకసారి 2400 అందుకున్నవాళ్లకు 10. గెలిచినందుకు పాయింట్లు రావు. ఆశ్చర్యపరిచినందుకు వస్తాయి.

దీని చేదు తెలియాలంటే అర్జున్ నడిచిన దారి చూడాలి. అగ్రశ్రేణి వాళ్లు సాధారణంగా ఆహ్వాన పోటీల్లో తమ స్థాయి వాళ్లతోనే ఆడుకుంటూ రేటింగ్ కాపాడుకుంటారు. అర్జున్‌కి ఆ పిలుపులు తక్కువగా వచ్చిన రోజుల్లో ఎవరైనా రుసుము కట్టి ఆడగల ఓపెన్ పోటీలకు ఊరూరా తిరిగాడు. 2800 ఉన్నవాడు 2500 వాడితో కూర్చుంటే సూత్రం అతని నుంచి 0.85 ఆశిస్తుంది. గెలిస్తే వచ్చేది ఒకటిన్నర పాయింటు. డ్రా అయితే పోయేది మూడున్నర. ఓడితే ఎనిమిదిన్నర. రెండు గెలుపుల కష్టం ఒక్క డ్రాతో కొట్టుకుపోతుంది. అలాంటి నేల మీద నడుస్తూ 2024 మొదట్లో 2740 చుట్టుపక్కల ఉన్న రేటింగ్‌ని ఏడాది చివరికి 2801కి తెచ్చాడు. మధ్యలో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు. తొమ్మిది గెలుపులు, రెండు డ్రాలు, స్వర్ణం. ఆ అరవై చిల్లర పాయింట్ల వెనక ఎన్ని గెలుపులుండాలో ఇప్పుడు ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు.

చదరంగంలో అదృష్టం పాలు తక్కువ. బల్ల మీద ఉన్నదంతా ఇద్దరికీ కనిపిస్తుంది. మాటల ఆటకు వచ్చేసరికి వ్యవహారం మారుతుంది. స్క్రాబుల్ బోర్డు 15 గళ్లు నిలువు, 15 అడ్డం. సంచిలో వంద బిళ్లలు, వాటిలో రెండు ఖాళీవి. చేతికి ఏడు బిళ్లలు ఏవి వస్తాయో మన చేతిలో లేదు. ఏడూ ఒకేసారి దించితే అదనంగా 50. ఈ ఆటను తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఆర్థిక మాంద్యంలో పని పోయిన ఆర్కిటెక్టు. ఏ అక్షరం ఎన్ని బిళ్లలు ఉండాలన్నది పత్రికల్లో అక్షరాలు లెక్కపెట్టి తేల్చాడు. తెలుగులో ఇలాంటి ఆట పెడదామంటే గుణింతాలు, ఒత్తులు కలిసి సంచి మూట అయిపోతుంది. అందుకే మనవాళ్లు గళ్ల నుడికట్టుతో తృప్తిపడ్డారు కాబోలు.

స్క్రాబుల్ పోటీల నడక బయటివాళ్లకు కొంచెం వింతగా ఉంటుంది. ఒక్కొక్కరికి గడియారం మీద 25 నిమిషాలు. దాటితే నిమిషానికి పది పాయింట్ల కోత. రౌండ్ల వారీగా ఆడతారు. మొదట్లో ఎవరు ఎవరితో అన్నది ముందే రాసి ఉండవచ్చు. తర్వాత సమాన గెలుపులున్నవాళ్లను జతచేస్తారు. చివరి రౌండ్లలో మొదటివాడికి రెండోవాడు, మూడోవాడికి నాలుగోవాడు. స్థానాలకు ముందు గెలుపులు చూస్తారు, సమానమైతే స్ప్రెడ్. స్ప్రెడ్ అంటే ప్రతి ఆటలో తేడాలన్నీ కూడగా వచ్చిన మొత్తం. 430–380తో గెలిస్తే +50, 350–470తో ఓడితే −120. కాబట్టి ఓడిపోతున్నామని ఖాయంగా తెలిసిన ఆటలో కూడా చివరి బిళ్ల దాకా పోరాడాలి. వంద తేడాతో పోవడానికీ ముప్పైతో పోవడానికీ మధ్య బహుమతి మారిపోవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు. చివరి రెండు రౌండ్లు మిగిలి ఉండగానే ఒకరికి మొదటి స్థానం ఖాయమైపోయిందనుకోండి. ఆ మనిషిని రెండో స్థానంలో ఉన్నవాడితో కూర్చోబెడితే పాపం రెండోవాడికి అన్యాయం. పోటీలోకెల్లా గట్టివాడితో ఆడి, మూడోవాడి ముందు వెనకబడతాడు. అందుకని ఖాయమైనవాణ్ని కిందెక్కడో బహుమతి పరిధిలో లేనివాడితో జతచేస్తారు. ఈ ఏర్పాటుకు డేవిడ్ గిబ్సన్ అనే అమెరికన్ ఆటగాడి పేరు పెట్టారు. అతను ఒకప్పుడు అంత ముందుగా గెలుపు ఖాయం చేసుకునేవాడు మరి.

స్ప్రెడ్ స్థానాలకు పనికొస్తుంది గానీ అంతర్జాతీయ స్క్రాబుల్ రేటింగ్ లెక్కలోకి రాదు. అక్కడ గెలిచావా లేదా అన్నదే. ఇది మొదట్లో అన్యాయంగా తోస్తుంది. 200 తేడాతో గెలిచినవాడూ ఒక్క పాయింటుతో గట్టెక్కినవాడూ ఒకటేనా? కానీ వెనకబడ్డవాడు గెలవాలంటే సాహసం చేయాలి. బోర్డు తెరవాలి, పెద్ద పదానికి కాచుకోవాలి. అది ఫలించకపోతే ఇంకా ఎక్కువ తేడాతో ఓడతాడు. తేడాకు వెల కడితే ఆ సాహసానికి శిక్ష వేసినట్టవుతుంది. గెలుపు కోసం ఆడటం మాని నష్టం తగ్గించుకోవడానికి ఆడతారు. కొలిచే పద్ధతి మారిస్తే ఆట మారిపోతుంది.

ఇప్పుడు అదృష్టం సంగతి. ఒకామె తన ప్రత్యర్థి మీద నూటికి 60 ఆటలు గెలవగల మనిషి అనుకుందాం. ఒక్క ఆటలో ఆమె ఓడే అవకాశం 40 శాతం. ఇద్దరూ తొమ్మిది ఆటలు ఆడితే ఆమెకు ఎక్కువ గెలుపులు వచ్చే అవకాశం 73 శాతం. పాతిక ఆటలు ఆడితే సుమారు 85 శాతం. అంటే పాతిక ఆటల తర్వాత కూడా వందలో పదిహేనుసార్లు బలహీనుడే పైచేయిగా కనిపిస్తాడు. పెద్ద స్క్రాబుల్ పోటీలు పాతిక, ముప్పై ఆటల దాకా సాగడం నిర్వాహకుల సరదా కాదు, అదృష్టం పొట్టు చెరగడానికి అన్ని ఆటలూ కావాలి. అంత అదృష్టం ఉన్న ఆటలో నైజెల్ రిచర్డ్స్ 2007లో ముంబైలోను, 2019లో గోవాలోను ప్రపంచ స్థాయి పోటీలు గెలిచాడు. అవి కాక ఇంకా ఎన్నో. న్యూజిలాండ్‌లో పుట్టి మలేసియాలో ఉండే ఈ మౌని 2015లో ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే ఫ్రెంచి స్క్రాబుల్ పట్టం ఎత్తుకెళ్లాడు. అతని పట్టాల కంటే అన్నేళ్లు అతని రేటింగ్ పైనే నిలబడటం నాకు ఎక్కువ ఆశ్చర్యం. పట్టం ఒక వారం కలిసొస్తే రావచ్చు.

ఎలో లెక్కలో అదృష్టం ఎక్కడ కనిపిస్తుంది? రేటింగుల నిచ్చెన పొడవులో. గెలిచే అవకాశమే తేడాను నిర్ణయిస్తుంది కాబట్టి, అదృష్టం పాలు పెరిగే కొద్దీ అందరి రేటింగులూ దగ్గరకు జరుగుతాయి. నాణెం ఎగరేసే పోటీలకు రేటింగ్ పెడితే ఎన్నేళ్లు ఆడినా అందరూ మొదలుపెట్టిన చోటే అటూ ఇటూ ఊగుతుంటారు. కాబట్టి నిచ్చెన ఎంత పొడవుందో చూస్తే ఆ ఆటలో నేర్పు పాలు ఎంతో తెలుస్తుంది.

ఈ నేర్పు పాలు అన్నది హైదరాబాద్‌కి కొత్త తగాదా కాదు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో ఎంచుకోవడం నేర్పేనని, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967 నవంబర్‌లో కోర్టు తేల్చింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, సత్యనారాయణ మధ్య నడిచిన కేసులోని ఆ తీర్పును దేశమంతటా ఆన్‌లైన్ ఆటల కంపెనీలు ఏళ్ల తరబడి జపించాయి. తెలంగాణ మాత్రం 2017లో చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మూసేసింది. న్యాయమూర్తులు తర్కంతో తేల్చినదాన్ని రేటింగులతో కొలిచి చూడవచ్చు. వేలమంది ఆటల ఫలితాలు ఇస్తే నిచ్చెన పొడవు ఎంతో గంటలో చెప్పగలవాళ్లు సైబరాబాద్‌లో కావలసినంతమంది.

రేటింగ్ పాయింట్లు చిట్టీలో డబ్బు లాంటివి. ఇద్దరికీ ఒకే గుణకం ఉంటే ఒకరికి చేరినది మరొకరి జేబులోంచి పోయిందే, పైనుంచి ఎవరూ వేయరు. కాబట్టి గుంపులోకి ఎవరు ఎంతతో వస్తున్నారు, ఎంతతో పోతున్నారు అన్నదాన్ని బట్టి మొత్తం చిట్టీ విలువే మారుతుంది. అమెరికాలో క్లాడ్ బ్లడ్‌గుడ్ అనే ఖైదీ వర్జీనియా జైల్లో తోటి ఖైదీలతో వేల ఆటలు ఆడాడు. బయటి ప్రపంచంతో సంబంధం లేని ఆ చిన్న గుంపులోని పాయింట్లన్నీ అతని దగ్గర పోగుపడి, 1996లో 2702తో అమెరికా జాబితాలో రెండో స్థానానికి చేరాడు. అతను కావాలని చేశాడా లేదా అన్నది ఇప్పటికీ వాదులాటే. సూత్రానికి మాత్రం అది అనవసరం. ఒక గుంపు లోపలి రేటింగ్‌కి గుంపు బయట విలువ ఉండదు. గేటెడ్ కమ్యూనిటీ చాంపియన్లు ఇది గమనించాలి.

బ్లడ్‌గుడ్ కథ తిరగేస్తే మన కథ వస్తుంది. గత పది పదిహేనేళ్లలో భారతదేశంలో చదరంగం నేర్చుకునే పిల్లలు విపరీతంగా పెరిగారు. కొండాపూర్, మియాపూర్, నిజాంపేట అపార్ట్‌మెంట్లలో వారాంతం చెస్ క్లాసు లేని చోటు వెతకాలి. 2024కి ముందు తొమ్మిదేళ్ల పిల్లకి మొదటి రేటింగ్ 1100 వచ్చేది. ఆర్నెల్లు యాప్‌ల మీద రోజూ ఆడి, కోచింగ్ తీసుకుని 1600 స్థాయికి ఎదిగేది. రేటింగ్ మాత్రం ఇంకా 1200 దగ్గరే ఉండేది, ఎందుకంటే రేటింగ్ పోటీలు నెలకొకటో రెండో. ఆదివారం పోటీకి వచ్చిన 1700 రేటింగున్న బ్యాంకు ఉద్యోగి ఆ పిల్ల చేతిలో ఓడేవాడు. సూత్రం దృష్టిలో అది ఘోరమైన ఓటమి, పద్దెనిమిది పాయింట్లు ఎగిరిపోయేవి. నిజానికి అతను ఆడింది దాదాపు సమానురాలితో. పిల్లలకు గుణకం 40 పెట్టినా వాళ్ల ఎదుగుదల వేగానికి అది చాల్లేదు. ఇలా లక్షల ఆటల్లో పెద్దవాళ్ల రేటింగులు ఆట ఏమీ తగ్గకుండానే కరిగిపోయాయి. ఇది ప్రపంచమంతటా జరిగింది, కోవిడ్ తర్వాత మరీ పెరిగింది.

చివరికి 2024 మార్చి 1న ఫిడే చిట్టీలోకి పైనుంచి డబ్బు వేసింది. 2000 లోపు ఉన్న ప్రతి ఒక్కరికీ, 2000కి ఎంత తక్కువుందో దాంట్లో 40 శాతం కలిపింది. 1500 ఉన్నవాడు రాత్రికి రాత్రి 1700, 1000 ఉన్నవాడు 1400. అసలు 1400 కంటే తక్కువ రేటింగే ఉండకూడదని నేల కూడా ఎత్తింది. సంఖ్య ఒక మనిషిలో ఉండే గుణం కాదని, గుంపు మొత్తంలో అతని చోటు మాత్రమేనని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు.

1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించిన తర్వాత ఈ పాతికేళ్లలో రేటింగ్ అన్న మాట హైటెక్ సిటీలో ఇంటి మాట అయిపోయింది. క్యాబ్ ఎక్కితే డ్రైవర్‌కి నక్షత్రాలు, ఏడాది తిరిగేసరికి మనకి మేనేజర్ నక్షత్రాలు. ఇవేవీ ఎలో అర్థంలో రేటింగులు కావు. క్యాబ్ నక్షత్రాలు సగటు మాత్రమే. అందరికీ ఐదు ఇచ్చేవాడి ఐదుకీ పిసినారి ఐదుకీ ఒకటే బరువు. ఇక బెల్ కర్వ్. జట్టులో ఎంత మంచివాళ్లున్నా కొందర్ని కిందికి తోయాల్సిందేనన్న ఆ పద్ధతి ఎలో చిట్టీలా సున్నా మొత్తపు లెక్క. ఆటలో ఒకరు గెలిస్తే ఒకరు ఓడటం సహజం, అక్కడ ఆ లెక్క అతుకుతుంది. కలిసి ఒక ప్రాజెక్టు చేసేవాళ్ల మధ్య అది ఎందుకు అతకాలి? మైక్రోసాఫ్ట్ 2013 నవంబర్‌లో దాన్ని వదిలేసింది.

అదే మైక్రోసాఫ్ట్‌కి కేంబ్రిడ్జ్‌లో ఉన్న పరిశోధనశాల ఎక్స్‌బాక్స్ ఆటల కోసం ట్రూస్కిల్ అనే పద్ధతి తయారుచేసింది. ఎలో ప్రతి మనిషికి ఒక సంఖ్య ఇస్తే ఇది రెండిస్తుంది. ఒకటి అంచనా, రెండోది ఆ అంచనా మీద మనకున్న అనుమానం. కొత్తగా వచ్చినవాడి అంచనా 25, అనుమానం దాంట్లో మూడో వంతు. తెర మీద చూపేది అంచనాలోంచి అనుమానానికి మూడింతలు తీసేసిన సంఖ్య, కాబట్టి కొత్తవాడికి సున్నా కనిపిస్తుంది. ఆడే కొద్దీ అనుమానం తగ్గుతుంది, కనిపించే సంఖ్య పెరుగుతుంది. పైన చెప్పిన తొమ్మిదేళ్ల పిల్లకి ఇలాంటి లెక్క ఉండి ఉంటే బ్యాంకు ఉద్యోగికి అంత నష్టం జరిగేది కాదు. ఫిడే ఇప్పటికీ ఒక్క సంఖ్యనే నమ్ముకుంది. ఎవరైనా పెన్సిలుతో సరిచూసుకోగలగడం దాని బలం. నాకైతే ఆ బలం చిన్నదిగా అనిపించదు.

గచ్చిబౌలి ఐఐఐటీ విద్యార్థులు రాత్రుళ్లు మేలుకుని ఆడే కోడ్‌ఫోర్సెస్ ప్రోగ్రామింగ్ పోటీల్లోనూ ఎలో వారసత్వమే. ఒక్కో పోటీలో వేలమంది. ప్రతి ఒక్కరూ మిగతా వేలమందితో విడివిడిగా ఆడినట్టు లెక్కేసి, ఎంతమంది చేతిలో ఓడే అవకాశం ఉందో కూడి, ఒకటి కలిపితే ఆశించిన ర్యాంకు వస్తుంది. వచ్చిన ర్యాంకు దానికంటే మెరుగైతే రేటింగ్ పెరుగుతుంది, పేరు రంగు మారుతుంది. 2023లో బర్కిలీ విద్యార్థులు చాట్‌బాట్‌లకు కూడా ఇదే తగిలించారు. ఏది ఏదో తెలియకుండా రెండు జవాబులు చూపించి జనంతో ఓటు వేయించారు. మొదట ఎలో లెక్కే వాడారు, తర్వాత బ్రాడ్లీ–టెర్రీకి మారారు. కారణం బాగుంటుంది. మనిషి ఆట నెలనెలా మారుతుంది కాబట్టి పాత ఫలితాలను మెల్లగా మరిచిపోయే ఎలో పద్ధతి మనుషులకు సరిపోతుంది. ఒకసారి విడుదలైన మోడల్ మారదు, దాని పాత ఫలితాలకూ కొత్తవాటికీ ఒకటే బరువు ఉండాలి.

అంచనా వేయడం, తప్పెంతో చూడడం, ఆ తప్పులో ఒక భాగం మేరకు అంచనాను జరపడం. ఎలో చేసింది ఇదే. మాదాపూర్ ఆఫీసుల్లో మెషిన్ లెర్నింగ్ ఇంజనీర్లు లాజిస్టిక్ రిగ్రెషన్‌కి గ్రేడియెంట్ అడుగులు వేయించేటప్పుడు చేసేదీ ఇదే. పోలిక కోసం అంటున్నది కాదు, గణితంలో రెండూ ఒకే సమీకరణం. కె-ఫాక్టర్‌ని వాళ్లు లెర్నింగ్ రేట్ అంటారు.

రేటింగ్‌కి పక్కనే బిరుదు అని మరో వ్యవహారం ఉంది. మన అవధానులకు, ఆస్థాన కవులకు బిరుదులే ఉండేవి. ఒకసారి గండపెండేరం తొడిగాక మరుసటి నెల దాన్ని సగం విప్పేవారు కాదు. గ్రాండ్‌మాస్టర్ హోదా ఆ జాతిదే. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకు అది సాధించింది, జీవితాంతం ఆమెదే. ఆమె రేటింగ్ మాత్రం 2007లో 2600 దాటింది (అప్పటికి మహిళల్లో జుడిత్ పోల్గార్ ఒక్కతే దాటింది), తర్వాత పెరిగింది, తగ్గింది. 2025 జూలైలో జార్జియాలోని బటుమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో ఆమె పంతొమ్మిదేళ్ల దివ్యా దేశ్‌ముఖ్‌తో తలపడింది. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. జూలై 28న ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. గ్రాండ్‌మాస్టర్ హోదాకు మామూలుగా కావలసిన 2500 రేటింగ్ గానీ, పోటీల్లో సాధించాల్సిన నార్మ్‌లు గానీ లేకుండానే, ఆ కప్పు గెలిచినందుకే దివ్యకు హోదా దక్కింది. దీన్ని సంచలనం అన్నారు. ఇద్దరి క్లాసికల్ రేటింగుల మధ్య తేడా సుమారు 80. ఆ తేడాకి సూత్రం హంపికి ఇచ్చేది 0.61. మిగతా 0.39 మొదటినుంచీ దివ్యదే.